తెరమీద మా నాయిన పేరు

గోదావరిఖనిల మా పాత టాకీసు కూలగొడుతున్నరు. మొన్న అటుదిక్కు పోతుంటే జేసీబీ తెరగోడ దాక అచ్చింది. లోపలి ముక్కిన వాసన రోడ్డు దాక కొట్టింది.

మా నాయిన బొగ్గుబాయిల పనిచేసెటోడు. అప్పట్ల ఇండ్లల్ల ఫోన్లు లేవు. బాయిల ఎవలికన్న ఏమన్నయితే, ఇంటోళ్లు సినిమాకు పోయిండ్రని తెలిస్తే, టాకీసోళ్లు అద్దం ముక్క మీద పేరు రాసి తెరమీద చూపెట్టేటోళ్లు. నాకు ఏడేండ్లు, గిదంత తెల్వది.

ఆ దినం నాయినది ఫస్టు షిఫ్టు. అమ్మ, నేను మ్యాట్నీకి పోయినం. పాట నడుమ బొమ్మ ఆగింది. తెరమీద వంకర అక్షరాలు పడ్డయి. కూడబలుక్కొని సదివిన. "దుర్గం మల్లయ్య కుటుంబం వెంటనే బయటకు రావలెను."

మా నాయిన పేరు. హీరోల పేర్లు పడే తెరమీద. సీటెక్కి చప్పట్లు కొట్టిన.

"దిగు బిడ్డా," అన్నది అమ్మ. ఆ గొంతు అమ్మది లెక్క లేదు.

చుట్టూ ఉన్న ఆడోళ్లంత ఒక్కపారి ఊపిరి ఇడిసిండ్రు. మమ్ముల చూసి కుళ్లుకుంటున్నరనుకున్న.

బాయి పైకప్పు నాయిన మీద కూలింది. మేం దవాఖానకు పోయేసరికి తెల్లగుడ్డ కప్పి పెట్టిండ్రు.

నేను గూడ బాయిల చేసేటాయన్నే చేసుకున్న. పెండ్లయిన కొత్తల, అదే టాకీసుల, గట్లనే బొమ్మ ఆగింది. తెరమీద పేరు పడ్డది. మా ఆయనది కాదు. నా నోట్లకెళ్లి అదే ఊపిరి అచ్చింది.

మూడు వరుసల ముందు ఒకామె లేచింది. నేను ఆమె దిక్కు చూడలే.