మూసిన చిప్ప మీద పెట్టిన పేరు

పదిహేనేళ్ళ కిందట, జూన్ నెలలో, కోయంబత్తూరులో ఒక కాలేజీ భూగర్భశాస్త్ర విభాగంలో నన్ను శిలాజాల క్యూరేటర్‌గా వేశారు. హోదా వినడానికి ఘనంగా ఉంటుంది గాని, నా రాజ్యమంతా రెండు ఇనుప బీరువాలు. వాటినిండా ఆస్ట్రకోడ్‌లు. రెండు చిప్పల మధ్య దాక్కుని బతికే రొయ్యల దూరపు చుట్టాలు ఇవి, ఆవగింజకన్నా చిన్నవి. జీవి ఎప్పుడో పోయింది, చిప్పలు రాయిలో మిగిలాయి.

మా విభాగం మాజీ అధిపతి రంగస్వామి సార్‌ది కారమడై. అరియలూరు దగ్గరి మట్టిలో దొరికిన ఒక ఆస్ట్రకోడ్‌కు ఆయన కొత్త ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, కట్టి, సొంతూరి పేరు కలిసేలా ‘కారమడెల్లా’ అని పేరు పెట్టారు. దాంతో ఊళ్ళో పరపతి అమాంతం పెరిగింది. తేరు పండుగకు వచ్చిన చుట్టాలు, మామ కనిపెట్టిన జంతువు ఏనుగంత ఉంటుందా అని అడిగేవారట. సార్ ఔననేవారు కాదు, కాదనేవారూ కాదు.

నేను చేరిన నెలలోనే మదురై నుంచి సరోజ వచ్చింది. కంబం అమ్మాయి, అక్కడి కాలేజీలో ఆచార్యురాలు. కారమడెల్లా కొత్తదేమీ కాదని, చాలా ఏళ్ళ ముందే వేరొకరు పేరు పెట్టిన ప్రజాతేనని ఆమె వాదన. ఒకే ప్రజాతికి రెండు పేర్లున్నట్టు తేలితే ముందు పెట్టినదే నిలుస్తుంది, రెండోది రద్దవుతుంది. ఇక్కడ తీర్పు చెప్పేది కీలు, అంటే రెండు చిప్పలూ కలిసే అంచు. సార్ గీసిన బొమ్మలో కీలు మధ్యభాగం నున్నగా ఉంది. అది గరుకుగా ఉంటే సరోజ మాటే నెగ్గుతుంది.

చూస్తే పోలా అంటారా? అక్కడే ఉంది తిరకాసు. పేరుకు ఆధారంగా దాచే నమూనాను హోలోటైప్ అంటారు. సార్ హోలోటైప్‌గా ఎంచినది మూసుకుపోయిన నమూనా. కీలు లోపల ఉండిపోయింది. బొమ్మ గీసింది అదే మట్టిలో విడిగా దొరికిన మరో చిప్పను చూసి. లోపలికి చూసే ఎక్స్‌రే యంత్రం మాకు లేదు. సూదితో విడదీయాలి. పొడైపోతే ఈ తగవు ఇక ఎవరూ తీర్చలేరు. పైగా క్యూరేటర్ సంతకం లేనిదే హోలోటైప్‌ను ముట్టుకోకూడదు. నాకు మైక్రోస్కోప్ ముందు కూర్చోవడం నేర్పిందే ఆయన. నా ఖర్మ, ఆ సంతకం నేనే పెట్టాలి.

తెరిచి చూద్దామని సార్ అంటే, సంతకం పెట్టనన్నాను. సరోజ కూడా వద్దంది. చిప్ప మూసి ఉన్నన్నాళ్ళూ సార్‌ది తప్పని ఎవరూ నిరూపించలేరు. ఆ సంగతి మాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

“మూసిపెట్టుకోని నాదే సరి అని ఎన్నాళ్ళమ్మా చెప్పేది? సంతకం పెట్టు. తెరిచేది నేనే,” అన్నారు సార్.

పెట్టాను. జూన్‌లో పాలఘాట్ కనుమ గాలి మా ఊళ్ళో కాగితం నిలవనివ్వదు. కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, ముగ్గురం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. సార్ నమూనాను నీటిచుక్కలో నానబెట్టి, సూదిమొనతో అంచు మీద మెల్లగా నొక్కారు. కుడి చిప్ప రెండు ముక్కలైంది. ఎడమది మాత్రం నిండుగా విడివడింది. మూడు సున్నాల నంబరు సన్నటి బ్రష్‌తో దాన్ని వెల్లకిలా తిప్పి, సార్ చాలాసేపు చూశారు.

“గరుకుగా ఉండాది. నీ మాటే కరెక్టు సరోజా. రాండి, కాపీ తాగుదాము.”

బొమ్మ గీసిన విడి చిప్ప వేరే జీవిదన్నమాట. గెలిచిన సరోజ కళ్ళు తుడుచుకుంటూ నడిచింది. ఓడిన మనిషేమో కాపీలో చక్కెర తక్కువైందని క్యాంటీన్ వాళ్ళ మీద విసుక్కున్నారు. నాకైతే ఆయన మీద బోలెడంత గర్వం కలిగింది.

కారమడెల్లా చెల్లదని ప్రకటించిన వ్యాసంలో మొదటి పేరు రంగస్వామి సార్‌దే, రెండోది సరోజది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కీలు కనబడని నమూనాను హోలోటైప్‌గా ఎవరు తెచ్చినా నేను పుచ్చుకోలేదు. కోపాలొచ్చినవాళ్ళకు కోపాలొచ్చాయి. తప్పు పేరును కొట్టేసే మొదటి హక్కు దాన్ని పెట్టినవాళ్ళదే. నా ఉద్యోగకాలంలో ఆ హక్కు వాడుకున్న మనిషిని ఒక్కరినే చూశాను.