బాపు తాళం వినిపించే స్పీకర్ల కోసం

ఆ ఏడు నేను ఇంట్లో ఒక్క పూట కుదురుగా కూర్చోలేదు. డ్యూటీ దిగగానే సైకిలు కోఠి వైపు తిరిగేది. సెలవు రోజైతే ఇంట్లోనే ఉండేవాణ్ణి గాని, కూర్చుని కాదు. గోడకు చెరోవైపు పెట్టిన రెండు స్పీకర్ పెట్టెల్ని ఒకసారి జానెడు ఇటు, ఇంకోసారి జానెడు అటు జరుపుతూ ఉండేవాణ్ణి. మాదన్నపేటలో మావి రెండు గదులు. ఆ రెండు గదుల్లో నేను జరపని సామాను లేదు. బియ్యం డబ్బా, కుట్టు మిషను, చివరికి దేవుడి పీట కూడా వాటి వాటి చోట్లు ఖాళీ చేశాయి.

"గీ రెండు పెట్టెలు పెండ్లికొడుకులు, మనమంత బరాతోల్లం" అనేది మా ఆవిడ, నీళ్ళ బిందె ఎక్కడ దించాలో తెలియక చంకలో పెట్టుకునే నిలబడి.

చుట్టుపక్కలవాళ్ళు దీన్ని పాటల పిచ్చి అనుకున్నారు. నాకు పాటల పిచ్చి లేదు. నాకు కావలసింది ఒక్క క్యాసెట్, అందులో ఒక్క చప్పుడు.

మా నాన్నను మేము బాపు అనేవాళ్ళం. బాపు శనివారం శనివారం గుడికి భజనకు పోయేవాడు. ఆయనకు గొంతు లేదు. తాను పాడితే పక్కవాడి పాట కూడా చెడుతుందని అందరికంటే ముందు ఆయనే కనిపెట్టాడు. అందుకని కంచు తాళాలు పట్టుకున్నాడు. చిన్న గిన్నెల్లాంటి జత. వాటిని ఎవరికీ ఇచ్చేవాడు కాదు, పండగకు చింతపండుతో తోమడం కూడా తనే. ఒకసారి మా వీధిలో ఒకాయన తమ్ముడు దుబాయి నుంచి టూ-ఇన్-వన్ టేప్ రికార్డరు తెచ్చాడు. ఆ వారం దాన్ని గుడి మంటపంలో పెట్టి భజనంతా క్యాసెట్‌లోకి పట్టారు. ఆ సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. తర్వాత బతిమాలుకుని ఒక కాపీ చేయించుకున్నాను. ఇంట్లో వినడానికి ఏమీ లేదు కాబట్టి అది ట్రంకు పెట్టెలో బట్టల కింద ఉండిపోయింది.

కొన్నాళ్ళకు బాపు పోయాడు. ఫొటోలైతే ఉన్నాయి. ఫొటోలో కూర్చున్నంత బిగుసుకుని ఆయన బతికుండగా ఎన్నడూ కూర్చోలేదు. ఆయన మాట ఎక్కడా లేదు. ఆ క్యాసెట్‌లో కూడా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. అందులో బాపు ఉన్నదల్లా ఆ తాళాల చప్పుడులోనే. అది వినాలని నేను సెట్టు కట్టించుకున్నాను.

అప్పట్లో మాలాంటివాళ్ళు కంపెనీ సెట్టు కొనే రివాజు లేదు. ఆంప్లిఫైయర్ కోఠిలో ఒక సందులో కట్టించుకోవాలి, స్పీకర్లు ఇంకో దుకాణంలో వెతకాలి, పెట్టెలు వడ్రంగితో చేయించాలి, గల్ఫు నుంచి వచ్చినవాళ్ళెవరైనా అమ్మితే క్యాసెట్లు ఆడించే డెక్కు తెచ్చుకోవాలి. అన్నీ ఇంటికి చేర్చి వైర్లతో అతకడం మన పని. అతికిన రోజు గడప తడిపి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి క్యాసెట్ పెట్టాను. మద్దెల వచ్చింది. హార్మోనియం వచ్చింది. భజన పెద్దాయన గొంతు, ఆ వెనుక గుంపు గొంతులు, అన్నీ వచ్చాయి. తాళాలు రాలేదు. క్యాసెట్ తిప్పి రెండో వైపు పెట్టాను. అక్కడా రాలేదు. గుడి నిండా మనుషులున్నారు, మా బాపు లేడు.

మరునాడు స్పీకర్ల దుకాణం సేఠు ముందు నిలబడ్డాను. సన్నటి చప్పుడు రావడం లేదన్నాను.

"క్యాసెట్ తెచ్చినవా భాయ్? పెట్టి చూద్దాం" అన్నాడు.

తేలేదు. వాళ్ళ డెక్కు రీలును నమిలేస్తుందని నా భయం. ఆ మాట అంటే ఆయన ఒప్పుకున్నాడు. "అదీ నిజమే. ఆడించినకొద్దీ రీలు ఘిస్తది. ముందుగాల పోయేది సన్న ఆవాజే. జ్యాదా ఆడియ్యకు" అని, నా పెద్ద వూఫర్ స్పీకర్ల సంగతి విని పెదవి విరిచి, పైన సన్న చప్పుడుకని చిన్న ట్వీటర్లు బిగించమన్నాడు.

ఆయన మామూలుగానే అన్నాడు గాని, ఆ మాట నా నెత్తిన కూర్చుంది. వింటే గాని స్పీకర్లు బాగున్నాయో లేదో తెలియదు. విన్న ప్రతిసారీ రీలు అరుగుతుంది. అరిగితే ముందు పోయేది బాపే. నా చేతులతో నేనే ఆయన్ని కొంచెం కొంచెంగా గీకేస్తున్నానన్నమాట. ఇక నిద్రేం పడుతుంది?

ట్వీటర్లు బిగించాను. రాలేదు. వాటిని ఇచ్చేసి వేరేవి తెచ్చాను. అవీ అంతే. సేఠు నేను వాడిన వైరు తెమ్మని, తెస్తే చూసి నవ్వాడు. "అరె, గిది దర్వాజా గంటకు పెట్టుకునే వైరు. గింత సన్న నాలిలకెల్లి ఎంత నీల్లొస్తయ్?" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. లోపం దొరికిందనుకున్నాను. లావుపాటి రాగి వైరు తెచ్చి, అతుకులన్నీ నేనే కొత్తగా సీసం కరిగించి టాంకా వేసి, ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు సరిచూసి పెట్టాను. మద్దెల ఇంకా బలంగా వచ్చింది. గోడ మీద క్యాలెండరు అదిరింది. బాపు మాత్రం రాలేదు.

ఆ తర్వాత ఎవరో కుండ సంగతి చెప్పారు. స్పీకర్‌ను మట్టికుండ మూతికి బిగిస్తే కంచు మోగినట్టు మోగుతుందట. అఫ్జల్‌గంజ్ అంతా తిరిగినా నా స్పీకర్ కొలతకు సరిపోయే మూతి దొరకలేదు. కొలత సరిపోయిన కుండ మా వంటింట్లోనే దొరికింది. ఆ సాయంత్రం మా ఆవిడ మంచినీళ్ళకని చెంబు పట్టుకుని వస్తే కుండలోంచి వైరు వేలాడుతోంది.

"ఎండకాలం పూట తాగే నీల్ల కుండయ్యా అది. నీ దోస్తులొస్తే గ్లాసుల పాట పోసియ్యనా?" అంది.

"సరిగ్గ వస్తలేదే" అన్నాను.

"మస్తు వస్తున్నది. ఇంకా ఏం రావాలె? ఆడరాకుంటె మద్దెల ఓడన్నట్టుంది నీ కథ. ముందుగాల ఆ మోత తగ్గియ్యి, చెవులు గుయ్యిమంటున్నయ్."

ఏం రావాలో ఆమెకు నేను చెప్పలేదు. బాపు అనే మాట నోటికి వస్తే ఆ వెంటనే ఏడుపు వచ్చే రోజులవి. భార్య ముందు ఏడవడానికి నాకు నామోషీ. అందుకని కసిరేవాణ్ణి. తగ్గించమన్నప్పుడల్లా, ఇంటికి సామాను తేకుండా స్పీకర్లు తెస్తున్నానని ఆమె సాధిస్తోందనే అనుకున్నాను. పక్కింటామె వచ్చి, "గంత కీచుమని పెడ్తె పసిపోరి ఉలికిపడ్తుంది బిడ్డా" అన్నప్పుడు కూడా, ఇద్దరూ కూడబలుక్కున్నారనుకుని సన్న చప్పుడు పెంచే ట్రెబుల్ మీటను ఇంకొంచెం పైకి తిప్పాను.

ఇక నా ఒక్కడి మాట మీద నడిచేది కాదని, నలుగురి చేత తేల్చుకోవాలని ఫ్యాక్టరీ దోస్తులు ముగ్గుర్ని పిలిచాను. వాళ్ళను ఊరికే పిలవలేదు. మేమంతా ఒకే షెడ్డు. రేకులు నొక్కే ప్రెస్సుల షెడ్డు. లోపలికి అడుగు పెడితే తిండి గంట దాకా మాటలుండవు, అన్నీ సైగలే. ఛాయ్‌కు ఒక సైగ, మేస్త్రీ వస్తున్నాడంటే నుదుటికి అడ్డంగా చెయ్యి. ఆ మోతలో కూడా ఏ ప్రెస్సులో బేరింగు అరిగిందో తల తిప్పకుండా చెప్పగలమని మాకు గొప్ప గర్వం. ఆఫీసు గుమాస్తాలు చెవుల్లో దూది పెట్టుకుని వస్తే వాళ్ళను చూసి నవ్వేవాళ్ళం. ఊళ్ళో ఇంతకంటే గట్టి చెవులు ఎవరికుంటాయని నా లెక్క.

ముగ్గురూ గోడకు ఆనుకుని వరసగా కూర్చున్నారు. నేను వాళ్ళకు తాళాల సంగతి చెప్పాను. వాళ్ళలో పెద్దాయన బాపును ఎరుగును. కళ్ళు మూసుకుని, మెడ కొంచెం వాల్చి, జడ్జీలాగా విన్నాడు. మిగతా ఇద్దరు పెట్టెల దగ్గరికి పోయి చెవి ఆనించి మరీ విన్నారు. మా ఆవిడ వంటింట్లో ఛాయ్ పెడుతోంది. మేము ఎప్పుడూ మాట్లాడినట్టే మాట్లాడుకున్నాం, అంటే వీధి చివరికి వినపడేట్టు.

"మద్దెల అయితె జబర్దస్త్ ఉన్నది. తాళం లేదు" అన్నాడు పెద్దాయన.

"లేనే లేదు" అన్నాడు రెండో అతను.

మూడో అతను డెక్కును తట్టి చూసి, "అన్నా, రీలు ఖతమైంది. ఫికర్ జెయ్యకు, బాపు మన దిల్‌ల ఉన్నడు" అన్నాడు.

నేను తల ఊపాను. ఛాయ్ తాగి వాళ్ళు వెళ్ళిపోయారు. క్యాసెట్ ఆపడానికి కూడా ఓపిక లేక నేను అలాగే కూలబడ్డాను. అరిగిపోయినదానికి ఇంకేం అరుగుతుందిలే అనిపించింది. లోపల అంతా మండిపోతోంది, ఆ సేఠు మీద, వడ్రంగి మీద, అందరికంటే ఎక్కువ నా మీద.

మా ఆవిడ చాటలో బియ్యం పోసుకుని వచ్చి గడప దగ్గర కూర్చుంది. ఒక చేత్తో రాళ్ళు ఏరుతోంది. రెండో చేతి వేలు చాట అంచు మీద ఆడుతోంది. మొదట ఊరికే చూశాను. తర్వాత మద్దెలతో పోల్చి చూశాను. ఆ వేలు మద్దెలతో పోవడం లేదు. మద్దెల ఆగినచోట కూడా అది ఆడుతోంది. గుంపు గొంతులు తగ్గినప్పుడు అది మరింత చురుగ్గా ఆడుతోంది.

"ఏందది?" అన్నాను.

"ఏది?"

"ఆ వేలు."

"తాళం. బాపుది" అంది, చాటలోంచి తల ఎత్తకుండానే. "మీ దోస్తులు తాళం లేదు, లేదంటుంటె నాకు నవ్వొచ్చింది. నీతోని మజాక్ చేస్తున్నరనుకున్న."

"నీకు ఇనొస్తుందా?"

ఇప్పుడు తల ఎత్తింది. "ఇనొచ్చుడేందయ్యా? మొదటి దినం నుంచి ఇనొస్తనే ఉన్నది. ఆ బుడ్డ స్పీకర్లు పెట్టినంక చెవుల్ల సూదులు గుచ్చినట్టే ఉన్నది. గందుకే గద తగ్గియ్యమని మొత్తుకునేది. బాపు మీద పాణం గదా, నీకు గట్లనే కావాలేమో అని ఊకున్న."

నేను లేచి ట్రెబుల్ మీట పట్టుకున్నాను. పూర్తిగా కిందికి తిప్పాను. "ఇగో, ఇప్పుడు మంచిగున్నది" అంది. పూర్తిగా పైకి తిప్పాను. ఆమె మొహం చిట్లించి చెవి మూసుకుంది. మళ్ళీ కిందికి, మళ్ళీ పైకి. ఆమె మొహం మారుతోంది. నాకు ఏమీ మారడం లేదు. ఒకే మద్దెల, ఒకే హార్మోనియం. ఆ మీట నిజంగా పనిచేస్తోందని ఆమె మొహం చూసి నాకు తెలిసింది.

నాకు భయం వేసింది. పొద్దున్నే మా వాకిట్లో పిచ్చుకల గోల ఉండేది. అది విని ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోబోయాను. గుర్తు రాలేదు. పిచ్చుకలే రావడం మానేశాయనుకున్నానేమో, అదీ తెలియదు.

మర్నాడు షెడ్డు బయట తిండి గంటకు ముగ్గురికీ సంగతి చెప్పాను. రీలు బాగానే ఉందని, మా ఆవిడకు తాళం వినిపిస్తోందని, పోయింది మన చెవులేనని. పెద్దాయన నా భుజం తట్టి గట్టిగా నవ్వాడు.

"పిచ్చోడా, నలుగురు మొగోల్లకు ఇనరానిది ఒక్క ఆడామెకు ఇనొచ్చిందా? నీ బాధ చూడలేక అన్నదిరా" అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. తర్వాత గంట కొట్టారు. నేను వినలేదు, వాళ్ళు లేవడం చూసి లేచాను. వాళ్ళు కూడా ఎదుటి షెడ్డువాళ్ళు లేవడం చూసే లేచారని అప్పుడు గమనించాను. ఇక వాళ్ళతో వాదించబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం సైకిలు కోఠి వైపు తిప్పలేదు. ఇంటికి పోయి, బాపు తాళం వినడానికే ఇదంతా చేశానని మా ఆవిడతో చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఇక నామోషీ ఏముంది? ఆమె ట్రెబుల్ తనకు సరిపోయినంతకు తిప్పుకుని, క్యాసెట్ పెట్టి, నా పక్కన కూర్చుని నా అరచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. వేలితో కొట్టడం మొదలుపెట్టింది.

మద్దెల నేను వింటున్నాను. బాపు నా అరచేతిలో ఉన్నాడు. నిదానంగా ఎత్తుకుని, గుంపు అందుకోగానే జోరు పెంచి, చరణం దగ్గర మళ్ళీ తగ్గించి. నేను కదిలితే ఆమె లెక్క తప్పుతుందేమోనని ఊపిరి కూడా మెల్లిగా పీల్చుకున్నాను. రెండో పాట సగంలో ఉండగా ఆమె వేలు ఉన్నట్టుండి ఆగింది. పాట మాత్రం నడుస్తోంది, మద్దెల నడుస్తోంది.

"ఏమైంది?" అన్నాను.

"నేను ఆపలే. బాపే ఆపిండు."

ఎందుకు ఆపాడో ఆమెకు తెలియదు, ఆ శనివారం ఆమె గుడికి రాలేదు. నాకు తెలుసు. నేను డ్యూటీ దిగి ఆలస్యంగా పోయాను. మంటపం నిండిపోయింది. చెప్పుల దగ్గర నిలబడితే బాపు చూసి, రెండు తాళాలూ ఒక చేతిలోకి తీసుకుని, పక్కకు జరిగి, తన పక్కన నేలను అరచేత్తో తుడిచి నన్ను రమ్మన్నాడు. నేను మనుషుల్ని దాటుకుంటూ పోయి కూర్చున్నాను.

"మల్ల అందుకున్నడు" అంది మా ఆవిడ, నా చేతిలో కొడుతూ.