మేస్త్రిగారు అడిగిన బహుమతి

పాలకొల్లులో నేను నెట్ సెంటర్ నడిపే రోజుల్లో ఒక వడ్రంగి మేస్త్రిగారు తరచూ వచ్చేవారు. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాక ఆయనకు పని తగ్గిపోయింది. పనిముట్లు అమ్మేద్దామనుకుంటున్నానని అంటుండేవారు. దేశదేశాల వడ్రంగులు తాము చేసిన వస్తువుల ఫోటోలు పెట్టుకునే వెబ్‌సైటు ఒకటి ఆయనకు చూపించాను. ఏ కుర్చీ నచ్చినా వేలి కణుపుతో మానిటర్ మీద కొట్టి చూసేవారు.

"అది గాజండి మేస్త్రిగారూ!"

"అలవాటండి అమ్మాయిగారూ" అని నవ్వేవారు.

ఒకరోజు ఆ సైటులో కెనడా ఆయనొకడు, తన తల్లి కుర్చీ కాలు ఎన్నిసార్లు అతికించినా ఊడిపోతోందని, ఆవిడ అందులో కూర్చోవడమే మానేసిందని రాశాడు. మేస్త్రిగారికి చదివి చెప్పాను.

"జిగురుతో అయ్యే పని కాదండి. కాలి చివర కాస్త చీల్చి, అందులో సన్నటి చెక్కముక్క పెట్టి, బెజ్జంలోకి దిగ్గొట్టమనండి. జన్మలో ఊడదు."

అదే ఇంగ్లీషులో టైపు చేశాను. పది రోజులకు జవాబొచ్చింది. కాలు గట్టిగా నిలిచిందట. మేస్త్రిగారికి బహుమతి పంపుతానని, ఏ పనిముట్టు కావాలో చెప్పమని రాశాడు. కరెంటు రంపం అడగమన్నాను నేను. ఆయన రెండు రోజులు ఆలోచించి వచ్చారు.

"వాళ్ళమ్మగారు ఆ కుర్చీలో కూర్చున్న ఫోటో ఒకటి పంపమనండి, చాలు."

ఫోటో వచ్చింది. ప్రింటు తీసిచ్చాను. పటం కట్టించి తన షెడ్డులో తగిలించుకున్నారు. పనిముట్లు అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు. ఒకసారి నేను వెళ్ళేసరికి, తలుపు చేయించుకోవడానికి వచ్చినాయన "ఈ దొరసాని ఎవరండీ?" అని అడుగుతున్నాడు.

మేస్త్రిగారు పని ఆపకుండానే చెప్పారు.

"మా కుర్చీలో కూర్చున్నావిడండి."