రాజేశమన్న స్పానిష్ పరీక్ష

ముందే ఒప్పుకుంటున్నాను. నా నోట్లో పడ్డ చీమ ఏనుగై బయటికొస్తుంది. కాబట్టి నేను చెప్పేదాంట్లో సగం కోసెయ్యండి.

నిన్న హైదరాబాదు విమానాశ్రయంలో బెల్టు మీద తాడు కట్టిన అట్టపెట్టె ఒకటి తిరుగుతూ వచ్చింది. కొత్త కంబళి, అత్తరు కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే తొంభైల నాటి మస్కట్ శివారు మబేలా, అక్కడి మా లేబర్ క్యాంపు, రాజేశమన్న గుర్తొచ్చారు.

ఆయన మా కంపెనీలో టైమ్‌కీపర్, జగిత్యాల వైపు మనిషి. హైదరాబాదు యూనివర్సిటీలో స్పానిష్ బి.ఏ. చదువుతుండగా తండ్రి మంచాన పడడంతో, ఒక్క మౌఖిక పరీక్ష మిగిలుండగానే మస్కట్ వచ్చేశాడు. మా రూమ్‌లో పన్నెండు మందిమి, నా లెక్కలో నలభై. డ్యూటీ నుంచి రాగానే ఆయన గోడలు అదిరేలా స్పానిష్ చదివేవాడు. స్పెయిన్‌లో మధ్యాహ్నం దుకాణాలు మూసి పడుకుంటారని ఆయన చెప్పిన రోజు, ఎండలో సిమెంటు మోసొచ్చినవాళ్లంతా ఆ దేశానికి వీసా ఎంతని అడిగారు. ఇంటర్ పాసైన ఎలక్ట్రీషియన్‌ని కాబట్టి నేను మాత్రం పక్కన చేరి నేర్చుకున్నాను.

ఒకరోజు యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది, పరీక్షకు ఇదే చివరి అవకాశమని. కంపెనీ సెలవిచ్చింది. అయితే సెలవు మీద వెళ్లేవాడు క్యాంపులో అందరి సామాన్లూ మోసుకెళ్లి, ఊరూరా తిరిగి చేతికివ్వాలి. అది మా రాజ్యాంగం. శుక్రవారం పొద్దున ఆయన మంచం మీద పాల డబ్బాలు, కంబళ్లు పెరిగి పెరిగి ఫ్యాన్‌కు తగిలాయి. తూకం వేస్తే ఏడు కిలోలు ఎక్కువ. ఆయన తన పుస్తకాలు బయటికి తీశాడు.

“గదేందన్నా, పరీచ్చకే గద పోతున్నవ్?” అన్నాను, మా అమ్మకు పంపే కంబళి మాత్రం వెనక్కి తీసుకోకుండా.

“పుస్తకాలు నా తలకాయల ఉన్నయ్ తియ్ తమ్మీ. మీ అవ్వకు కంబళి యాడుంది?”

పరీక్షలో, మీ సంప్రదాయం ఒకటి స్పానిష్‌లో చెప్పమన్నారు. ఆయన ఏడు ఊళ్లలో సామాన్లు పంచిన కథ చెప్పాడు. ఎగ్జామినర్ అమ్మగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుని ఫస్టు క్లాసు వేసేసింది.

రెండేళ్ల తర్వాత ఆయనే ఫారం తెప్పించి నింపి, అదే యూనివర్సిటీలో ప్రవేశ పరీక్షకు నన్ను బయల్దేరదీశాడు. ఎవరి మాటా కాదనలేని ఆ మనిషి రూమ్ తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సామాన్లతో వచ్చినవాళ్లందరినీ తిప్పి పంపాడు. ఒక్క సబ్బుపెట్టేనని పక్క రూమ్ లచ్చన్న బతిమాలాడు.

“సబ్బు గూడ లేదు. వీడు పరీచ్చకు పోతుండు, పోస్టుమేన్ పనికి గాదు.”

క్యాంపు నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు. నేను ఇవాళ స్పానిష్ పాఠాలు చెప్పుకుని అన్నం తింటున్నాను.

ఇక, కోసెయ్యాల్సిన సగం. ఎగ్జామినర్ అమ్మగారిని నేనే పుట్టించాను. రాజేశమన్న పరీక్ష గది గడప తొక్కనేలేదు. పరీక్ష ముందురోజు, అన్ని ఊళ్లూ తిరిగి చివరికి మా ఇంటికి చేరాడట. అన్నం తినందే అమ్మ కదలనివ్వలేదు. హైదరాబాదు ఆఖరి బస్సు పోయింది. తిరిగొచ్చాక నాతో “పరీచ్చ అయిపోయింది” అని మాత్రం అన్నాడు. అసలు సంగతి ఏళ్ల తర్వాత అమ్మ చెప్పింది, మురిసిపోతూ.

“ఎంత మంచి పిలగాడు బిడ్డా. కోడిని కోసి వండెదాక గూసున్నడు. రెండుసార్లు అడిగి ఏసుకొని తిన్నడు.”