పంకజమ్మక్క కట్టిన యాంటెన్నా

అల్యూమినియం గొట్టాన్ని రంపపు బ్లేడుతో కోసేటప్పుడు వేడెక్కిన లోహం నుంచి ఒక వాసన వస్తుంది. కాస్త చేదుగా, పొడిపొడిగా ఉంటుంది. నిన్న తిరుపతిలో మా అంగట్లో గొట్టం కోస్తుంటే ఆ వాసన తగిలి చెయ్యి ఆగిపోయింది. ఇళ్లకూ దుకాణాలకూ కెమెరాలు బిగించడం ఇప్పుడు నా పని. ఈ పని నాకు చేతనైందంటే కారణం సత్యవేడులో మా పక్కింట్లో ఉండిన పంకజమ్మక్క. ఆ ఊళ్లో సగం మిద్దెల మీద టీవీ యాంటెన్నాలు కట్టింది ఆమే. అది ఆమె భర్త చేసిన పని. ఆయన పోయాక నిచ్చెననూ పనిముట్ల సంచినీ ఆమె భుజానికెత్తుకుంది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, పైన మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని మిద్దెలెక్కేది. నేను కోడలిగా ఆ ఊరు చేరేనాటికి ఇంటింటికీ డిష్షులు వచ్చేసి, ఆమెకు పని బాగా తగ్గింది.

మా అత్త శెనక్కాయ చేలల్లో కూలికి పోయేది. మాటలు తక్కువ మనిషి. పెళ్లై ఏడాదైనా నాతో అవసరానికి మించి మాట్లాడింది లేదు. కానీ కలుపు తీసేటప్పుడు పాట ఎత్తుకోవలసింది ఆమే. ఒకసారి తిరుపతి రేడియో వాళ్లు ఇద్దరు వచ్చి, చేలోనే ఆమె పాటలు రికార్డు చేసుకుని, వచ్చే ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వేస్తామని చెప్పి పోయారు. చిక్కేమిటంటే సత్యవేడులో తిరుపతి వినపడదు. మధ్యలో కొండలు. ఏ రేడియో తిప్పినా మద్రాసే పలుకుతుంది. అందరం బస్సెక్కి తిరుపతిలో మా పుట్టింటికి పోదామన్నాడు మా ఆయన. అత్త ఒప్పుకోలేదు. "నాతో కలుపు తీసినోళ్లంతా ఈడుండారు. వాళ్లు ఇనకుండా నేనొక్కదాన్నే పొయ్యి ఇనేదేందిరా?" అంది. ఆమె నోట అంత పొడుగు మాట నేను వినడం అదే మొదలు. ఏం చేసైనా ఆ పాట మా ఇంటికి రప్పించాలని నాకు పట్టుదల పుట్టింది.

అంగడికి పోయి రెండు రకాల యాంటెన్నాలు చూసి వచ్చి, పంకజమ్మక్కను సలహా అడిగాను. "గుండ్రటిది చవకక్కా, అన్ని పక్కల నుంచీ పడతాదంట. పది కడ్డీలది ఇంకొకటి ఉండాది, రేటు వింటేనే భయమేసింది. ఏది తెచ్చేది?"

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండానే అంది: "అన్ని పక్కలా చెవి పెడితే నీకు మద్రాసే ఇనపడతాది అమ్మణ్ణీ. అది దగ్గర, గొంతు పెద్దది. మనకు ఒక్క పక్కే కావల్ల. కొనేది తర్వాత. రేడియో తీసుకుని మిద్దె మీదికి రా."

మిద్దె మీద ఆమె రేడియోను రొమ్ముకు ఆనించుకుని, మద్రాసుకు వీపు అడ్డం పెట్టి నిలబడింది. తిరుపతి ఉన్న దిక్కుకు సరిగ్గా తిరిగితే బుస తప్ప ఏమీ లేదు. నాకు నీరసం వచ్చేసింది. ఆమె మాత్రం గోరంత గోరంత కుడికి జరుగుతూ పోయింది. రెండు కొండల మధ్య పల్లంగా కనిపించే చోటికి ఎదురుగా రాగానే ఎవరో తెలుగులో ఎరువుల గురించి చెబుతున్న మాటలు సన్నగా వినిపించాయి. "కొండ అడ్డముంటే సందులోంచి వస్తాది. ఈ మాత్రం ఉంటే నాలుగు కడ్డీలు చాలు. పది కడ్డీలది గాలికి మీ పిట్టగోడనే పెరికేస్తాది" అని నవ్వింది.

ఆ నాలుగు కడ్డీలది కూడా కొనాల్సిన పనిలేకపోయింది. ఎవరో వద్దని పారేసిన పాత టీవీ యాంటెన్నా ఆమె పెరట్లో ఉంది. టీవీకి కడ్డీలు పొడుగుండాలట, ఈ రేడియోకు అంత అక్కర్లేదట. భర్త రాసిపెట్టుకున్న నోటుబుక్కులో కొలతలు చూసి, టేపు పెట్టి గుర్తు గీసి, నా చేత కోయించింది. వెనక కడ్డీ కొంచెం పొడుగు, ముందరివి కొంచెం పొట్టి. పొట్టి కడ్డీల పక్క స్టేషన్‌కు చూపించాలి. కోతలన్నీ అయ్యాక, "యాంటీనాలో దుడ్లు మిగిలించుకున్నాం గదా, వైర్లోనూ క్లాంపులోనూ మిగిలించుకోవద్దు. మందంగా ఉండేది తీసుకురా" అంది. గొట్టాన్ని గోడకు బిగించి పట్టే ఇనుప పట్టీయే క్లాంపు. వైరు మంచిదే కొన్నాను. క్లాంపులు మాత్రం, పల్చనిదీ మందమైనదీ పైకి ఒకేలా మెరుస్తున్నాయి. పల్చనిది తీసుకుని, మిగిలిన డబ్బుతో ఆదివారం వచ్చేవాళ్లకు పెట్టడానికి మురుకులు కొన్నాను. శనివారం సాయంత్రం దాన్ని ఆమె చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది. దాంతోనే గొట్టాన్ని పిట్టగోడకు బిగించింది. తిరుపతి గంటలా పలికింది.

ఆదివారం లేస్తూనే ఈదురుగాలి. మా వాకిట్లో పదిహేనుమంది ఆడవాళ్లు. స్టూలు మీద రేడియో. ఎనిమిదికి ఇంకా కొంచెం ఉందనగా గొంతు సన్నబడి బుసలో కలిసిపోయింది. పైకి పోయి చూద్దామని లేవబోయేంతలో మళ్లీ గొంతు నిలబడింది, ఇక కదల్లేదు. కాసేపటికి మా అత్త పాట మొదలైంది. వెనక వంత అందుకోగానే, "అద్దో, అది నేనే!", "సీ, నీ గొంతు అట్లుంటాదా?" అని ఒకరినొకరు పొడుచుకుంటున్నారు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లతో మాత్రం నావైపు చూసి నవ్వింది.

పాటలయ్యాక, యాంటెన్నా చూసొస్తానని పొద్దున పైకి పోయిన పంకజమ్మక్కకు మురుకులు ఇద్దామని మిద్దెక్కాను. ఆమె రెండు చేతులతో గొట్టాన్ని పట్టుకుని గాలికి ఎదురుగా నిలబడి ఉంది. క్లాంపు విచ్చుకుపోయింది. అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి.

"బాగుండిందా?" అని అడిగింది.

ఆ గాలి హోరుకు పైకి పాట ఏమీ వినపడలేదని అప్పుడు అర్థమైంది. పల్చని క్లాంపు సంగతి ఏడుస్తూ చెప్పాను.

"చేతికిచ్చినప్పుడే తెల్సినాది. అప్పటికి అంగడి మూసేసినారు. అందుకే పొద్దున్నే పైకొచ్చి, దిగలా."

"ఒక్క మాట తిట్టకపోతివక్కా."

"మురుకులు కొనేసుంటివి గదా, ఎట్ల తిట్టేది?"

నా వెనకే మెట్లెక్కుతుంటే మా మాటలు వినపడ్డాయేమో, అత్త పైకి వచ్చింది. "ఇనలేదంట గదమ్మే పంకజం" అంటూ పిట్టగోడకు ఆనుకుని కూర్చుంది. గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. రేడియోలో రెండు చరణాలే వేశారు. మిద్దె మీద పాటంతా పాడింది. పంకజమ్మక్క చేతులు ఒళ్లో పెట్టుకుని, మురుకు కొరకడం కూడా మరిచిపోయి వింది.

ఆ మరుసటి వారం నుంచి నేను ఆమె వెంట నిచ్చెన మోసుకుంటూ తిరిగాను. పని అట్లా అబ్బింది. ఇప్పుడు ఆమె నగరిలో కూతురి దగ్గర హాయిగా ఉంది. ఫోన్లో నా కంటే గట్టిగా మాట్లాడుతుంది. నేను కట్టిన పనిలో ఎక్కడైనా తేడా వచ్చిందని తెలిస్తే, తప్పు నాదా, సామానుదా, కొన్నవాళ్లదా అని ఫోన్లో వాదించడం నాకు చేతకాదు. ముందు ఆ ఇంటికి పోతాను.