ఇనుము మీద జాజితీగ

తుపాకుల మామ పోయినాడన్న కబురు మార్కాపురం నుంచి పలకల బండి తోలుకొచ్చిన మనిషి తెచ్చాడు. "అన్నం తిని పండుకున్నోడు తెల్లారి లేవలేదంట తల్లీ" అన్నాడు వాకిట్లో నిలబడి. నేను కందులు చెరుగుతున్నాను. చేట పక్కన పెట్టి లోపలికి పోయి కూర్చున్నాను. ఆయన నాకు చుట్టం కాదు, మా కులమూ కాదు. అయినా ఆ పూట పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు.

తుపాకుల మామ అంటే ఏ దొంగల ముఠా నాయకుడో అనుకునేరు. ఆయన మార్కాపురం కంసాలి. ముక్కుపుడకలు, గొలుసులు చేసే ఇంట్లో పుట్టి ఇనుము మీద మనసు పడ్డాడు. లైసెన్సు తుపాకుల మీద ఉలితో లతలు, పిట్టలు చెక్కి, ఆ గీతల్లో బంగారు తీగ పొదిగేవాడు. కంభం, పొదిలి మోతుబరులు, అడవికి వేటకొచ్చే దొరలు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. అన్ని తుపాకులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్న మనిషి జన్మలో ఒక్కటీ పేల్చలేదు. దీపావళికి పిల్లలు టపాకాయ ముట్టిస్తే చెవులు మూసుకొని పెరట్లోకి పరుగు. "ఇంత భయమున్నోడివి నీకీ పనేంది మామా?" అని నేను ఎగతాళి చేస్తే, "పేలేది వాళ్లకు, మెరిసేది నాకు కోడలా" అనేవాడు.

ముందు పలక మీద బలపంతో బొమ్మ గీసి చూపించేవాడు. తుపాకి ఇచ్చినవాళ్లు ఊరుకుంటారా? ఇంకో పులిని పెట్టమని ఒకరు, జింకను పడగొట్టమని ఒకరు. చచ్చిన జంతువును మాత్రం ఆయన ఎన్నడూ చెక్కలేదు. నిజం చెప్పొద్దూ, ఆయన పులులు పాలు తాగిన పిల్లుల్లాగే ఉండేవి. ఒక దొర తన సీమకుక్కను చెక్కమంటే మన వీధి కుక్కలాగా తోక చుట్టి పెట్టాడు. దొర నవ్వి ఒప్పుకున్నాడంటే ఆ దొర గొప్పతనమే.

పని మాత్రం అట్లా ఇట్లా కాదు. ఇనుములో సన్నటి కాలువ తీసేవాడు. దాని నోరు ఇరుకు, అడుగు వెడల్పు. మేలిమి బంగారాన్ని కమ్మచ్చు అనే ఉక్కు రేకు బెజ్జాల్లోంచి లాగి తీగ చేసి, ఆ కాలువలో పరిచి చిన్న సుత్తితో తడుతూ పోతే, మెత్తటి బంగారం లోపలికి జరిగి అడుగున సర్దుకునేది. ఇక అతుకుతో పనిలేదు. ఎన్నేళ్లయినా ఊడదు. "బంగారాన్ని కొట్టగూడదు, ఒప్పించాల" అనేవాడు. ఆ తట్టే వేళ పక్కన ఎవరైనా తుమ్మారా, వాళ్ల పని అయిపోయినట్టే.

మాది పెద్దారవీడు పక్క పల్లె. కొండ దిగి వచ్చే అడవిపందుల నుంచి చేను కాపాడుకోవడానికి మా నాయనకు ఒంటి గొట్టం తుపాకి ఉండేది. మా అమ్మ జ్వరంతో పోయాక, నాయన ఆమె ముక్కుపుడక తీసుకుపోయి మామ ముందు పెట్టాడు. దాన్ని తీగ చేసి తుపాకి మీద పొదగమన్నాడు. రోజూ సద్దిమూట, తుపాకి చేతికిచ్చి మంచెకు సాగనంపేది ఆమే. ఆమె లేకుండా మంచె ఎక్కలేనన్నాడు.

నాకు ఒళ్లు మండింది. తల్లి ముక్కుపుడక కూతురికి రావాలి గానీ తుపాకికి పోవడమేంది? మామ ఇంటికే పోయి గొడవ పెట్టుకున్నాను. ఆయన అంతా విని నెమ్మదిగా చెప్పాడు. "నువ్వు ముక్కుకు పెట్టుకుంటే మీ అమ్మ ఎదుటోళ్లకు కనపడతది గానీ నీకు కనపడదు. మీ నాయనకు కనపడనీ అమ్మా." నేను లేచి ఇంటికొచ్చేశాను.

ముక్కుపుడకలో రాగి కలిసి ఉంది. రాగి కలిస్తే తీగ గట్టిపడి కాలువలో కూర్చోదు. పుటం పెట్టి శుద్ధి చేస్తే మిగిలింది కాస్తంతే. తన దగ్గరున్న బంగారం ఇంత కలిపితే మా నాయనకు తెలిసేదా? కలపలేదు. ఉన్న తీగకు తగ్గట్టే పేల్చేముందు వెనక్కి లాగే తుపాకి గుర్రం పక్క రేకు మీద ఒక జాజితీగ చెక్కాడు. "పువ్వుకు చాలలేదు బావా. మొగ్గ కాడ ఆపినా" అని చూపించాడు. నాయన కళ్లు తుడుచుకున్నాడు. ఎందరి తుపాకులో చూశాను, అంత చక్కటి పని ఆయన చేతిలో మళ్లీ చూడలేదు. ఆ మాట ఆయనా ఒప్పుకున్నాడు.

ఏళ్లు గడిచాయి. నాయనకు చూపు మందగించింది. చూపు లేనివాడికి లైసెన్సు తిరిగి రాయం, తుపాకి తెచ్చి మార్కాపురం స్టేషనులో ఒప్పజెప్పమన్నారు. గడువు చివరి రోజు నేనే బండి కట్టించి నాయనను తీసుకుపోయాను. స్టేషనుకు పోకముందే బండిని మామ ఇంటికి తిప్పమన్నాడు.

"తుపాకి పోతే పోయింది బావా. ఆమెను మాత్రం తీసియ్యి" అన్నాడు.

మామ తుపాకిని ఒళ్లోకి తీసుకొని జాజితీగను గోటితో తడిమి చూశాడు. "ఊడకుండా పెట్టేది నేర్చుకున్నా గానీ ఊడదీసేది నాకెవరూ నేర్పలేదే" అన్నాడు.

"తునకలైతే వద్దు. తునకలు చేసేకంటే అట్లనే పోనీ" అన్నాడు నాయన.

మామ నోట్లో తాంబూలం ఉమ్మేసి, నోరు కడుక్కొని కూర్చున్నాడు. బంగారం కదలాలంటే కాలువ అంచును ఒకవైపు పొడవునా ఉలితో తెగగొట్టాలి. అంటే తన చేతిపనిని తన చేత్తోనే చెడగొట్టుకోవాలి. ఉలి ఒక్క వెంట్రుకవాసి పక్కకు జారినా తీగ తెగుతుంది. ఆకులు విప్పాడు, మెలికలు విప్పాడు. నాయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంట్లోంచి మామ భార్య మజ్జిగ తెచ్చి, గడప దాటకుండా అక్కడే నిలబడిపోయింది.

చివరికి పట్టకారుతో మొగ్గ దగ్గర పట్టి ఎత్తాడు. తీగ మొత్తం లేచి వచ్చింది. వంపు వంపూ అట్లాగే ఉంది, ఇనుము ఒక్కటే లేదు. మామ దాన్ని నాయన అరచేతిలో పెట్టాడు. నాయన వేలితో మెల్లగా తడిమాడు. "కరిగించి పుడక చేద్దునా?" అని మామ అడిగితే, "వద్దులే బావా, ఇట్లనే ఉండనీ" అని నా చేతికిచ్చాడు. అది ఈరోజుకీ నా దగ్గర దూదిలో ఉంది. మా నాయన మరో రెండు వానాకాలాలు బతికి నిమ్మళంగా పోయాడంటే, అందులో సగం తుపాకుల మామ పుణ్యమే. బతికుండగా ఆయనతో ఈ మాట అనలేదు. ఆయన అననిచ్చేవాడూ కాదు.

ఆ రోజు పొద్దు వాలుతోంది, స్టేషనుకు పోవాలి. నేను తుపాకికి చేయి చాపాను. మామ ఇవ్వలేదు. తీగ పోయిన చోట ఇనుప అంచు లేచి చురుగ్గా నిలబడి ఉంది. ఆకురాయి తీసుకొని దాన్ని రుద్దడం మొదలుపెట్టాడు. స్టేషను గదిలో మూలన తుప్పు పట్టిపోయే తుపాకి అది.

"ఇంకెందుకు మామా, ఎవురు చూస్తారు?" అన్నాను ఉండబట్టలేక.

"చూసేదానికి కాదమ్మా. ఎత్తిపెట్టే జవాను చెయ్యి గీసుకుంటది గదా" అన్నాడు తలెత్తకుండా.

బొటనవేలితో అంచును తడిమి చూసుకున్నాడు. నచ్చలేదేమో, మళ్లీ రుద్దాడు. ఇనుప రజను ఆయన పంచె మీద రాలుతోంది. నాయనా నేనూ గడప మీద కూర్చొని, ఆయన చాలనేదాకా ఉన్నాము.