జీవరత్నం గారి ఫెయిలైన గోడ

జీవరత్నం గారు మనిషి మొహం చూసి మాట్లాడరు. ఆ మనిషి ఇంటి గోడకి వేలాడుతున్న డిష్షునో, నెట్ పెట్టెనో చూసి మాట్లాడతారు. టెలిఫోన్ శాఖ ఆయనకి శాలువా కప్పి, దండ వేసి, ఇంటికి పంపింది. ఆయన శాలువా, దండ పుచ్చుకున్నారు గానీ రిటైర్మెంటు మాత్రం పుచ్చుకోలేదు. మా వన్ టౌన్ సందులో ఏ గోడకి ఏ పెట్టె బిగించినా అది నిబంధనలకు లోబడి ఉన్నదా లేదా తేల్చే భారాన్ని, ఎవరూ మోపకుండానే మోస్తున్నారు.

ఆయన పరీక్షలు రెండు. మొదటిది చెంబు పరీక్ష. పెట్టె మీద చెంబుడు నీళ్లు విసిరి కొడతారు. మూత తీస్తే లోపల చుక్క కనబడిందా, ఫెయిల్. రెండోది కోతి పరీక్ష. సందు వెనక కొండ మీది కోతులు దిగొచ్చి తీగలు పట్టుకుని ఊగుతాయి గనక, వాటికంటే ముందు ఆయనే ఊగి చూస్తారు. డెబ్బై దాటిన పెద్దమనిషి టక్ చేసుకుని గంభీరంగా ఊగుతుంటే, ఎదురు డాబా మీది కోతులు సిగ్గుపడి తల తిప్పుకోవడం నేను కళ్లారా చూశాను.

"తీగ కిందికి వంగి, మళ్లీ పైకి లేచి పెట్టెలో దూరాలండీ. వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. తిన్నగా దూర్చామా, నీళ్లకి మనమే దారి చూపించినట్టు" అని ఒక పెళ్లి భోజనంలో నాకు బోధించారు. అర్థం కాలేదనుకున్నారేమో, నా విస్తట్లోనే సాంబారుతో ఆ వంపు గీసి చూపించారు.

మేనకోడలికి సంబంధం చూసి రమ్మని గుడివాడ పంపితే, చూసే వచ్చారు.

"అబ్బాయెలా ఉన్నాడండీ?" అని భార్య హెలెన్ గారు అడిగారు.

"డిష్ నట్లు తుప్పు పట్టాయి. ఎర్తింగ్ లేదు. పిడుగు పడితే అంతే సంగతులు."

"నేనడిగింది అబ్బాయి సంగతి!"

"అతను గోడ మీద లేడు హెలెన్."

ఇంత నిష్ఠాపరుడి ఇంట్లో నెట్టూ లేదు, డిష్షూ లేదు. ఆయన గోడ ఆయన పరీక్షలోనే తప్పింది. దానికి చూరు లేదు. వాన ఏ దిక్కు నుంచి వచ్చినా ముందు ఆ గోడనే పలకరిస్తుంది. "సొంత గోడని వదిలేస్తే నిబంధనకి విలువేముందండీ?" అనేవారు. పాపం హెలెన్ గారు సీరియల్ కోసం రోజూ ఎదురుగా మా ఇంటికి వచ్చేవారు. పొయ్యి మీదిది దించి వచ్చేసరికి సగం అయిపోయేది. ఏ కథకీ మొదలేమిటో ఆవిడకి తెలియదు.

మొన్న వానాకాలంలో, జీవరత్నం గారి పక్కింట్లో, సీతారావమ్మ గారి మేడ మీద అద్దెకుంటున్న సయీదాకి ఇంట్లోంచే చేసుకునే ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దుటికి నెట్ ఉంటేనే ఉద్యోగం. శనివారం నెట్ బిగించే ఖాలిక్ పెట్టె, డ్రిల్లు పట్టుకుని దిగాడు. సీతారావమ్మ గారు కొత్తగా రంగులేయించిన గోడకి వీపు ఆనించి, రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డారు.

"నా గోడకి చిల్లు పొడిస్తే ఊరుకునేది లేదు! అంత కావాలంటే చిల్లులున్న ఇల్లు చూసుకోమ్మాయ్!"

"ఒక్క చిన్న చిల్లే ఆంటీ..." అంది సయీదా. సందు సందంతా కిటికీల్లోకి వచ్చేసింది.

అప్పుడొచ్చారు జీవరత్నం గారు, చెంబుతో. కొత్త రంగు మీద ఫెడీమని నీళ్లు కొట్టారు. గోడకి చెవి ఆనించి విన్నారు.

"ఫెయిల్" అన్నారు.

"నా గోడా?" సీతారావమ్మ గారు చేతులు దించేశారు.

"మీ తప్పేం లేదమ్మా. ఈ రంగు మీద పెట్టె నిలవదు. మీరు సరేనన్నా నిబంధన ఒప్పుకోదు."

కాదన్న పాపం కాస్తా నిబంధన నెత్తిన పడేసరికి ఆవిడ మొహం తేటపడింది. "అదేనండీ అన్నయ్య గారూ, నేనూ అదే చెబుతున్నా!" అన్నారు.

"మరి నా ఉద్యోగం, అంకుల్?" అంది సయీదా.

"ఈ సందులో పాసైన గోడ ఒక్కటే. నాది. ఖాలిక్, పెట్టె అక్కడ బిగించు. తీగ ఈ అమ్మాయి కిటికీలోంచి లోపలికి పోనీ. చిల్లు అక్కర్లేదు."

ఖాలిక్ డ్రిల్లు చేత్తోనే తల గోక్కున్నాడు. "మీ గోడా సార్? పోయినేడు మీరేగా..."

"పోయినేటి సంగతి వేరు."

గుమ్మంలోంచి హెలెన్ గారి గొంతు వినబడింది. "నా సీరియల్‌కి ఫెయిలైన గోడ, ఆ పిల్ల ఉద్యోగానికి పాసైందా?"

"ఉద్యోగానికి గ్రేస్ మార్కులుంటాయి హెలెన్. సీరియల్‌కి ఉండవు."

సోమవారం తెల్లారేసరికి వాన దంచుతోంది. తలుపు తీద్దును గదా, జీవరత్నం గారు స్టూలెక్కి పెట్టెకి గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. గొడుగంతా పెట్టెకే. ఆయనకి వానంతా. పైన కిటికీలో సయీదా చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎవరికో "గుడ్ మార్నింగ్ సార్" చెబుతోంది.

"ఏంటండీ ఇది? ముద్దైపోతున్నారు, దిగండి!" అని అరిచాను.

"ష్! అమ్మాయి డ్యూటీలో ఉంది. ఖాలిక్ పైన రేకు బిగించేదాకా అంతే. పెట్టె తడవకూడదండీ. మనిషిదేముంది, తుడుచుకుంటే పోతుంది."

ఇంతలో హెలెన్ గారు ఇంకో గొడుగు తెచ్చి, మునివేళ్ల మీద లేచి ఆయన తల మీద పట్టారు. "దీనికి ఒప్పుకుంటుందా మీ నిబంధన?"

జీవరత్నం గారు పెట్టె మీంచి చూపు తిప్పి, ఆవిడ మొహంలోకి తిన్నగా చూశారు. ఆయన ఒక మనిషి మొహం అంతసేపు చూడడం మా సందులో అదే మొదటిసారి.

"ఒప్పుకుంటుంది గానీ హెలెన్, గొడుగు కొంచెం అవతలికి వంచు. నీళ్లు తిన్నగా నా చొక్కాలోకి దూరుతున్నాయి."